పలుగూ పారా పట్టుకుని పెద్దల దగ్గరికి

ఏప్రిల్ 3, గురువారం – షాంఘై

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసులో ఎవరికీ పని మీద ధ్యాస లేదు. రేపటి నుంచి మూడు రోజులు ఛింగ్‌మింగ్ సెలవు. నా పక్క సీటు స్నేహితురాలు ఫోన్లో వాళ్ళ నాన్నకి సామాను జాబితా చెబుతోంది: పార, కొడవలి, రెండు బకెట్లు, చీపురు, పాత తువ్వాళ్ళు, సన్న కుంచె, ఎర్ర పెయింటు డబ్బా. అవతల ఆయన ఇంకేవో గుర్తు చేస్తున్నారు. వింటుంటే సెలవులకి ఊరెళ్తున్నారా, మేస్త్రీ పనికి వెళ్తున్నారా అని అనుమానం వస్తుంది.

ఛింగ్‌మింగ్ అంటే పోయిన పెద్దల సమాధులు బాగుచేసి, వాళ్ళకు తిండీ డబ్బూ అందించే పండుగ. చైనా పండుగలు చాలావరకు చంద్రుణ్ణి బట్టి వస్తాయి. ఇది మాత్రం మన సంక్రాంతిలా సూర్యుణ్ణి పట్టుకుని వస్తుంది. ఏడాదిని 24 భాగాలు చేసిన వాళ్ళ సౌర పంచాంగంలో ఇది ఐదోది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి రోజు దాటిన పదిహేను రోజులకు, అంటే దాదాపు ఎప్పుడూ ఏప్రిల్ 4నో 5నో పడుతుంది. 2008 నుంచే దీనికి దేశమంతా సెలవు ఇస్తున్నారు. అంతకు ముందు ఆదివారం చూసుకునో, ఆఫీసులో బతిమాలుకునో వెళ్ళేవారట.

“ఈసారి నువ్వూ రా” అని వాళ్ళమ్మగారు పిలిచారు. సరేనన్నాను గానీ లోపల కాస్త టెన్షన్. మాది కరీంనగర్. మా ఇంట్లో ఆడవాళ్ళు శ్మశానం వైపు వెళ్ళరు. తద్దినమైనా, పెత్రమాసకు బియ్యం ఇచ్చుడైనా అంతా ఇంటి దగ్గరే. ఫోన్ చేస్తే అమ్మ “వాళ్ళని అడిగినవా? పరాయి పిల్లవు, ఏమన్న అనుకుంటరేమో” అంది. అడిగాను. ఆంటీ నవ్వేశారు. “కడుపుతో ఉన్నవాళ్ళు, జబ్బు మనుషులు రాకూడదంటారు. నువ్వు దుక్కలా ఉన్నావు, నీకేం?”

సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా మిఠాయి దుకాణానికి వెళ్ళాం. క్యూ వీధి మలుపు దాటిపోయింది. అందరూ నిలబడింది ఛింగ్‌త్వాన్ కోసం. జిగురు బియ్యప్పిండిలో పచ్చటి ఆకు రసం కలిపి, లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పెట్టి, ఆవిరి మీద ఉడికించే ఉండలివి. పైన నూనె రాసి ఉంటుంది కాబట్టి కవర్లోంచి కూడా నిగనిగలాడుతూ కనిపిస్తాయి. ఆ ఆకు మన వినాయక చవితి పత్రిలో ఉండే మాచిపత్రి జాతిదే. వాసన చూస్తే తెలిసిపోయింది. పదేళ్ళుగా ఉప్పు గుడ్డు పచ్చసొన, పొడిపొడిగా చేసిన పంది మాంసం కలిపి పెట్టే రకం బాగా నడుస్తోంది. కుర్రకారంతా దానికోసమే ఎగబడుతున్నారు. మేం రెండు రకాలూ తీసుకున్నాం. పెద్దలకు తీపివి, మాకు రెండోవి.

వీటిని చల్లగానే తింటారు. దాని వెనక ఒక పాత కథ ఉంది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో జిన్ రాజ్యపు యువరాజు ఛోంగ్అర్ 19 ఏళ్ళు దేశాలు పట్టి తిరిగాడు. ఆకలితో సొమ్మసిల్లినప్పుడు జియె జిత్వెయ్ అనే అనుచరుడు తన తొడ కోసి వండి పెట్టాడట. రాజ్యం దక్కాక ఛోంగ్అర్ అందరికీ బహుమానాలిచ్చి ఇతణ్ణి మరిచిపోయాడు. ఇతను తల్లిని తీసుకుని మ్యాన్‌షాన్ కొండల్లోకి వెళ్ళిపోయాడు. పొగ పెడితే బయటికొస్తాడని రాజు అడవికి నిప్పు పెట్టిస్తే తల్లీ కొడుకూ ఒక చెట్టును పట్టుకుని కాలిపోయారు. అప్పటినుంచి ఆ రోజుల్లో పొయ్యి వెలిగించకూడదని ఆజ్ఞ. రాజుగారి తప్పుకి జనం చద్దన్నం తినడం ఏ దేశంలోనైనా ఉన్నదే. 732లో తాంగ్ వంశపు చక్రవర్తి షువాన్‌జోంగ్ ఆ చల్లన్నం పండుగ నాడు సమాధుల దగ్గరికి వెళ్ళడాన్ని ఆచారంగా ఒప్పుకున్నాడు. పోనుపోను అది పక్కనే ఉన్న ఛింగ్‌మింగ్‌లో కలిసిపోయింది.

రాత్రి వాళ్ళ అమ్మమ్మ గారింట్లో బస. ఆవిడకి ఎనభై దాటాయి. సోఫా మీద, టీపాయ్ మీద, మంచం మీద ఎక్కడ చూసినా వెండి రంగు కాగితపు కడ్డీలే, పోయినవాళ్ళకు కాల్చి పంపే డబ్బు. పాతకాలపు చైనా వెండి కడ్డీలు పడవ ఆకారంలో ఉండేవి కదా, అవే ఇవి. చదరపు కాగితం, దాని మీద తగరపు రేకు. గొట్టంలా చుట్టి, రెండు చివర్లూ లోపలికి నొక్కి, మధ్యలో బొటనవేలితో కాస్త తెరిస్తే పడవ లేస్తుంది. ఒక్కో మడతకీ ఆవిడ పెదాలు “నామో అమితోఫో” అని కదులుతున్నాయి. బుద్ధుడి పేరు తలుచుకుంటూ మడిస్తేనే అవతల ఆ డబ్బు చెల్లుతుందట. నేనూ కూర్చుని మడిచాను. కాసేపటికి వేళ్ళ కొసలు బూడిదరంగుకి తిరిగాయి. నావి సరిగా నిలబడకపోతే ఆవిడ ఏమీ అనకుండా తీసుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి గుట్టలో వేశారు.

వాటిని ఎర్ర కాగితపు సంచుల్లో నింపి, పైన అందుకోవాల్సినవాళ్ళ పేరు, పంపేవాళ్ళ పేరు రాస్తారు. పేరు లేకపోతే దారిలో ఇంకెవరో ఎత్తుకుపోతారట. దస్తూరీ బాగుంటుందని ఆ పని అంకుల్ చేశారు. ఇదంతా చేస్తున్నప్పుడు ఇంట్లో టీవీ నడుస్తూనే ఉంది, ఆంటీ వంటింట్లోంచి ధరల గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

ఏప్రిల్ 4, శుక్రవారం – సుజౌ

తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరాం. ఈ సెలవుల్లో చిన్న కార్లకి ఎక్స్‌ప్రెస్‌వేల మీద టోల్ ఉండదు. 2012 నుంచి పెద్ద పండుగలకి ఇదే పద్ధతి. టోల్ లేదంటే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. ఆరు గంటలకే మూడు లైన్లూ నిండిపోయాయి. మామూలుగా రెండు గంటల దారి నాలుగు గంటలు పట్టింది. వెనక సీట్లో అమ్మమ్మ ఒళ్ళో పచ్చ ఉండల పెట్టె పట్టుకుని, జామ్‌లో ఆగిన ప్రతిసారీ “ఆయన ఎదురు చూస్తుంటారు” అంటున్నారు, డాక్టరు అపాయింట్‌మెంట్‌కి ఆలస్యమైనట్టు.

షాంఘై వాళ్ళ సమాధులు సుజౌలో ఎందుకని అడిగాను. షాంఘై అంతా బల్లపరుపు డెల్టా నేల, చెప్పుకోదగ్గ కొండలు లేవు. సమాధికి వెనక కొండ, ముందు నీళ్ళు ఉండాలంటారు. సుజౌ పక్కన తాయ్‌హు సరస్సు చుట్టూ రెండూ ఉన్నాయి. పైగా షాంఘైలో సమాధి స్థలం ధర సామాన్యుడికి అందదు. బతికినన్నాళ్ళూ అపార్ట్‌మెంటు వాయిదాలు కట్టి, పోయాక కూడా రియల్ ఎస్టేటు గొడవ తప్పలేదన్నమాట. అందుకే ఏటా ఈ వారంలో నగరం సగం ఇటే కదిలొస్తుంది. వీళ్ళ కోసం ప్రత్యేకంగా బస్సులు కూడా నడుపుతారు.

గేటు బయట పసుపు, తెలుపు చామంతుల అమ్మకం జోరుగా ఉంది. లోపల కొండవాలు మొత్తం మెట్లు మెట్లుగా చెక్కి వరసకి వరస రాళ్ళు నిలబెట్టారు. ఒక్కో జంటకీ ఒక చదరపు మీటరు. దహనం చేసి బూడిద పెట్టెనే పూడుస్తారు కాబట్టి ఆ చోటు సరిపోతుంది. 1956లో మావో, ఇతర నాయకులు దహనాన్నే ఎంచుకుంటామని సంతకాలు పెట్టి జనానికి చెప్పారు. జనం విన్నారు, వినాల్సి వచ్చింది. మావో దేహం మాత్రం తియానన్‌మెన్ కూడలిలో గాజుపెట్టెలో ఉంది.

గేటు దగ్గర సిబ్బంది సంచులు తెరిపిస్తున్నారు. లోపల ఏమీ కాల్చకూడదు. కాగితం డబ్బు ఇచ్చేస్తే బదులుగా పూలగుత్తి ఇస్తారు. మైకులో ‘నాగరికంగా నివాళి అర్పించండి’ అని ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది. అమ్మమ్మ మడిచిన కాగితాలు ఇవ్వనని భీష్మించుకున్నారు. ఆవిడ ఎన్ని రోజులు మడిచారో! చివరికి అవి కారు డిక్కీలోనే ఉండిపోయాయి.

పైనుంచి తొమ్మిదో వరసలో తాతగారు. నల్లరాయి, దాని మీద చిన్న పింగాణీ ఫోటో. కుళాయి నుంచి నీళ్ళు మోసుకొచ్చి ముందు రాయి కడిగాం. పక్షి రెట్టలు, పైన్ ఆకులు, సందుల్లో నాచు. ఆంటీ ఫోటోని తడిగుడ్డతో ఎలా తుడిచారంటే, చిన్నపిల్లాడి ముఖం తుడిచినట్టే, చెవుల వెనక కూడా వదలకుండా.

రాతి మీద రెండు పేర్లున్నాయి. తాతగారిది బంగారు రంగులో, పక్కనే అమ్మమ్మది ఎర్రరంగులో. దంపతులకు ఒకేచోట కొన్నప్పుడు ఇద్దరి పేర్లూ ముందే చెక్కించేస్తారు. బతికున్నవాళ్ళ పేరు ఎర్రగా ఉంచి, పోయాక రంగు మారుస్తారు. మామూలుగా మనిషి పేరు ఎర్ర సిరాతో రాస్తే ఇక్కడివాళ్ళు ఒప్పుకోరు, అశుభం. రాతి మీద మాత్రం ఆ ఎరుపే మనిషి ఇంకా ఉన్నారని గుర్తు.

ఎండకి ఆ ఎరుపు వెలిసిపోయింది. ఆంటీ కుంచె తీశారు గానీ చెయ్యి ముందుకు పోవడం లేదు. అమ్మమ్మ ఆ కుంచె లాక్కుని, మనవరాలి భుజం పట్టుకుని వంగి, “నా పేరు నేను దిద్దుకోలేనా?” అంటూ మొదలుపెట్టారు. మూడు అక్షరాలు. చెయ్యి వణికి మధ్య అక్షరంలో రంగు గాడి దాటింది. వెనక్కి జరిగి, కళ్ళద్దాలు సర్దుకుని చూసుకున్నారు. “అది తుడువు” అన్నారు మనవరాలితో. తుడిచింది. మళ్ళీ చూసి, “ఊఁ, బాగుంది.” అంతే. చుట్టుపక్కల ఎవరూ ఇటు చూడనుకూడా లేదు. అందరికీ ఎవరి పని వాళ్ళకి ఉంది.

తర్వాత ఛింగ్‌త్వాన్, బత్తాయిలు, ఎర్రగా వేయించిన పంది మాంసం, చిన్న గిన్నెలో మద్యం, బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులు. మూడేసిసార్లు వంగి దండం. ఆంటీ గట్టిగా కబుర్లు చెప్పారు: మోకాలి ఆపరేషన్ సంగతి, కింది అంతస్తువాళ్ళు ఇల్లు అమ్ముకున్న సంగతి, మనవరాలి ప్రమోషన్. “ఇదిగో, ఈ అమ్మాయి ఇండియా నుంచి, మనమ్మాయి ఆఫీసే” అని నన్నూ పరిచయం చేశారు. నాకేం చెయ్యాలో తోచక రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. పక్క సమాధి దగ్గర ఒకాయన కెనడాలో ఉన్న తమ్ముడికి వీడియో కాల్లో రాయి చూపిస్తున్నాడు. “ఇంకొంచెం పక్కకి, నాన్న ఫోటో కనపడట్లేదు” అని అటునుంచి కేక.

పెట్టినవన్నీ కాసేపాగి అక్కడే కూర్చుని తినేశాం. అప్పుడు గుర్తొచ్చింది మా ఊరి కార్ఖానాగడ్డ. కరీంనగర్‌లో ఆ శ్మశానవాటికలో దీపావళి నాడు దళిత కుటుంబాలు సమాధులకు సున్నం వేసి, పూలు చుట్టి, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టి, దీపాలు వెలిగించి అక్కడే టపాసులు కాలుస్తారు. చిన్నప్పుడు స్కూటర్ మీద నాన్న వెనక కూర్చుని రోడ్డు మీంచి చూసేదాన్ని. దిగి లోపలికెళ్ళి చూద్దామని ఎప్పుడూ అనుకోలేదు. షాంఘైకి వచ్చి, సుజౌకి వచ్చి, ఎవరిదో తాతగారి సమాధి మెట్టు మీద కూర్చుంటే గానీ ఆ ముచ్చట తట్టలేదు.

కిందికి దిగేటప్పుడు ఆఫీసులో నిర్వహణ రుసుము సంగతి కనుక్కున్నారు. ఒకేసారి 20 ఏళ్ళకు మించి కట్టించుకోరు. తర్వాత మళ్ళీ కట్టాలి. నా స్నేహితురాలు ఆ గడువు ఏడాది ఫోన్లో రాసుకుంది. ఇంట్లో ఆమె ఒక్కతే సంతానం. కట్టాల్సింది ఆమే.

అమ్మమ్మని మేనమామ కారులో ఇంటికి పంపి, మేం నలుగురం అటునుంచటే దక్షిణానికి తిరిగాం. ఛియాన్‌తాంగ్ నది సముద్రంలో కలిసేచోట 10 కిలోమీటర్ల పొడవున జియాషావ్ వంతెన ఉంది. అది దాటేసరికి చీకటి పడింది.

ఏప్రిల్ 5, శనివారం – షావ్‌షింగ్ కొండలు

షావ్‌షింగ్ అంటే చైనాలో రెండు గుర్తొస్తాయి: రచయిత లూ షున్ పుట్టిన ఊరు, బియ్యపు మద్యం. మూడోది కూడా ఉంది, తగరపు రేకు. పెద్దలకు పంపే వెండి కాగితానికి ఈ ఊరు ఒకప్పుడు పెట్టింది పేరు. రేకును సుత్తులతో కొట్టి కొట్టి పలుచన చేసే పని మీద ఎన్నో ఇళ్ళు బతికేవి. మేం వెళ్ళింది ఊళ్ళోకి కాదు, క్వాయ్‌జీ కొండల పాదాన అంకుల్ వాళ్ళ పల్లెకి. వాళ్ళ అన్నయ్య, అంటే నా స్నేహితురాలి పెదనాన్న, అక్కడే ఉంటారు.

ఇక్కడ పచ్చ ఉండలు కాదు, అదే పిండితో మడిచిన తినుబండారాలు. అచ్చం మన కజ్జికాయే, రంగు మాత్రం పచ్చ. లోపల నువ్వులూ చక్కెరా. పెద్దమ్మ తెల్లారేసరికే ఆవిరి బుట్టల నిండా చేసిపెట్టారు. షాంఘైలో కొనుక్కొచ్చినవాటికంటే ఇవే నాకు నచ్చాయి. ఆకు కూడా నిన్న సాయంత్రం పొలం గట్టు మీద కోసుకొచ్చిందే.

పొద్దున్నే కొండంతా మంచు. ఛింగ్‌మింగ్‌కి వాన పడాలంటారు, ఈసారి పడలేదు. పదిహేనుమందిమి బయల్దేరాం: పెదనాన్న, అంకుల్, ఇద్దరు బాబాయిలు, వాళ్ళ కుటుంబాలు, ఒక చంటిపిల్ల. కొండ దారి మొదట్లో ఎర్ర పట్టీలు కట్టుకున్న ఇద్దరు ముసలివాళ్ళు బల్ల వేసుకుని కూర్చున్నారు. జేబుల్లో లైటర్లు ఉంటే తీసుకుని ట్రేలో పెడుతున్నారు, దిగేటప్పుడు తిరిగి ఇస్తారు. ఏప్రిల్లో అడవులు అంటుకునేది ఎక్కువగా ఈ పండుగ మంటల వల్లే. బాబాయి ఒకాయన రెండు లైటర్లు ఇచ్చి మూడోది దాచుకోబోతే, కాపలా ముసలాయన “నీ నాన్న కూడా ఇంతే” అని జేబులో చెయ్యి పెట్టి తీసేసుకున్నాడు. ఒకటే ఊరివాళ్ళు కదా.

దారి వెదురు తోపులోంచి, మధ్యమధ్య తేయాకు మళ్ళలోంచి పైకి పోతుంది. సుజౌలో చూసింది బూడిద పెట్టెల ఊరు. ఇక్కడివి పాత మట్టి సమాధులు, ముందు రాతి కట్టు, వెనక గుండ్రటి దిబ్బ, కొండ కడుపులోకి కలిసిపోయి. ఏడాదిలో అడవి వాటిని దాదాపు మింగేస్తుంది. మొదటి సమాధి కనపడటానికే పావుగంట కొడవళ్ళు ఆడాయి. నాకూ ఒకటి ఇచ్చారు. ఫెర్న్ మొక్కలు చేత్తో లాగితే వచ్చేస్తాయి. ముళ్ళ తీగలకి మాత్రం కొడవలి తప్పదు.

అసలు శత్రువు వెదురు. ఈ రోజుల్లోనే దాని మొలకలు నేల చీల్చుకుని వస్తాయి. దిబ్బ మీద ఒకటి మొలిచిందంటే కింద వేరు సమాధిలోకి దూరినట్టే. పెదనాన్న కాలితో నేల నొక్కి చూస్తూ తిరిగారు. మట్టి చిన్నగా ఉబ్బి, సన్నటి పగులు కనపడిన చోట ఆగి, గునపం ఏటవాలుగా దించి ఒక్క పోటు. ‘కట్’ అని తడి చప్పుడు. గోధుమరంగు పొరల్లో చుట్టుకుని, ముంజేయి అంత లావు మొలక బయటపడింది. అడుగున తెల్లగా, ఊదారంగు వేరు బొడిపెలతో. మంచు తడికి పొరల మీది నూగు చేతికి గుచ్చుకుంటోంది. అలాంటివి ఆరేడు తీసి బుట్టలో వేశారు. మధ్యాహ్నం కూర అవే. తాతగారి నెత్తిమీద మొలిచినవి తాతగారికే వండి పెడతారు.

గడ్డి తీశాక కొత్త మట్టి తెచ్చి దిబ్బ మీద పోసి, పారతో కొట్టి గట్టి చేశారు. పైన వెదురు పుల్లకి కట్టిన రంగు కాగితపు కుచ్చులు గుచ్చారు. ఈ ఇంటివాళ్ళు వచ్చి వెళ్ళారు, ఈ పెద్దమనిషికి మనుషులున్నారు అని దారిన పోయేవాళ్ళకి తెలియాలి. కుచ్చు లేని దిబ్బలు మధ్యలో చాలానే కనిపించాయి. ఆ ఇళ్ళవాళ్ళు నగరాలకి పోయి తిరిగి రాలేదు. పెదనాన్న అలాంటి ఒకదాని మీది ముళ్ళు కూడా కొట్టేశారు. “పక్కింటి వాళ్ళది. వాడు షెన్‌జెన్‌లో ఉంటాడు” అన్నారు.

అన్నిటికంటే పైన ముత్తాతది. ఆ రాయి కథ అంకుల్ చెప్పారు. 1966లో పాత ఆచారాలు కూల్చేయమన్నప్పుడు ఊరి కుర్రాళ్ళే వచ్చి దాన్ని పీకి, వాగు మీద అడ్డంగా వేసుకుని నడిచారట. 80ల్లో వీళ్ళ నాన్న వాగులోంచి లేపి, నలుగురి చేత మోయించి మళ్ళీ నిలబెట్టారు. అక్షరాల మీద అరుగుదల ఇప్పటికీ తెలుస్తుంది. పై అంచున కొత్తగా ఒక పగులు కూడా ఉంది. దాని గురించి అన్నదమ్ముల మధ్య చాలాసేపు చర్చ జరిగింది. సిమెంటు పెట్టాలా, రాయి మార్చాలా అని.

దండాలు వరసలో పెట్టాలి. పెదనాన్న ముందు, తర్వాత అంకుల్, బాబాయిలు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు వయసు బట్టి. వెనకటికి ఆడపిల్లకి ఈ వరసలో చోటే లేదు. పెళ్ళయ్యాక ఆమె పెద్దలు అత్తింటివాళ్ళే. ఒక్కరే బిడ్డ అనే నిబంధన 1980 ప్రాంతంలో వచ్చి 2015 దాకా నడిచింది. దాంతో చాలా ఇళ్ళల్లో కూతురు తప్ప ఇంకెవరూ మిగల్లేదు. ఇప్పుడీ వరసలో రెండో తరం నలుగురిలో ముగ్గురు అమ్మాయిలే. వాళ్ళు తడి మట్టి మీద మోకాళ్ళూని నుదురు ఆనించారు. ఎవరికీ అదేం వింతగా లేదు. టపాసులు కాల్చడానికి వీల్లేదు కాబట్టి ఒక బాబాయి ఫోన్లో టపాసుల చప్పుడు పెట్టాడు. దానికి ముందు ఐదు సెకన్ల ప్రకటన వచ్చింది.

మధ్యాహ్నం ఇంట్లో అసలు భోజనం పెద్దలకు. హాలు మధ్యలో చదరపు బల్ల. చెక్క చారలు ఎటు తిరిగి ఉండాలో చూసి మరీ వేశారు. దేవుళ్ళకైతే ఒకలా, పెద్దలకైతే ఇంకోలా. మూడు వైపులా బెంచీలు, గిన్నెలు, చాప్‌స్టిక్స్, చిన్న మద్యం కప్పులు. కోడి, చేప, పంది మాంసం, టోఫు, వెదురు మొలకలతో ఎండబెట్టిన ఆవకూర, ఇంకా చెరువు నత్తలు. ఈ పండుగ ముందు నత్త గూస్ బాతంత బలమని సామెత. తలుపులు బార్లా తీసి పెదనాన్న గడప దగ్గర నిలబడి పేరుపేరునా పిలిచారు. అప్పటినుంచి ఎవరూ బెంచీలు తాకకూడదు. చంటిపిల్ల పాకుతూ అటు వెళ్తే నలుగురూ ఒక్కసారి లేచారు. అంకుల్ మూడు విడతలుగా కప్పుల్లో మద్యం పోశారు. చాలాసేపు ఆగి, బెంచీల్ని కాస్త వెనక్కి జరిపారు, పెద్దలు లేవడానికి వీలుగా.

ఆ తర్వాత పెరట్లో ఇనుప మూకుడులో అమ్మమ్మ కాగితాలు కాలాయి. సుజౌ తాతగారి సంచి కూడా ఇక్కడినుంచే పంపారు. తగరం కాలితే పసుపు రంగు బూడిద మిగులుతుంది. చుట్టూ సుద్దతో గీసిన గీతకి బయట ఒక గుప్పెడు విడిగా కాల్చారు. అది ఎవరూ లేని ఆత్మల కోసం. వాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వకపోతే లోపలివాళ్ళ దగ్గర లాక్కుంటారట.

భోజనాల దగ్గర, రెండో గ్లాసు మీద, అంకుల్ మెల్లగా విషయం తీశారు. తనని మాత్రం సముద్రంలో కలిపేయమని. షాంఘైలో 1991 నుంచి ఆ ఏర్పాటు ఉంది, బూడిదను పడవలో తీసుకెళ్ళి నీళ్ళల్లో కలుపుతారు. “సుజౌలో రెండు, ఇక్కడ ఆరు. ఈ పిల్ల ఒక్కతే ఎన్ని ఊడుస్తుంది?” అన్నారు. ఆంటీకి కోపం వచ్చింది. “రేపు అది ఎక్కడికి పోయి నీతో మాట్లాడాలి? ఏ అలకి దండం పెట్టాలి?” నా స్నేహితురాలు నత్తలు జుర్రుతూ తలెత్తలేదు.

మీ దగ్గర ఏం చేస్తారని నన్నడిగారు. మా తాతని ధర్మపురి దగ్గర గోదావరిలో కలిపాం, మాకు ఊడ్చేందుకు ఏమీ లేదు, ఏడాదికోసారి పెత్రమాస నాడు బియ్యం ఇస్తాం అన్నాను. పెదనాన్న కాసేపు ఆలోచించారు. “నదిలో వెదురు మొలవదు” అన్నారు. అందరూ నవ్వారు, ఆంటీ తప్ప.

ఏప్రిల్ 6, ఆదివారం – హాంగ్‌జౌ

సమాధుల పని అయిపోయాక పచ్చదనంలో తిరగడం కూడా ఈ పండుగలో భాగమే. దార్లో పసుపచ్చటి ఆవ పొలాల పక్కన పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. మేం హాంగ్‌జౌలో లోంగ్‌జింగ్ కొండలకి వెళ్ళాం. ఇక్కడి గ్రీన్ టీకి ఛింగ్‌మింగ్ ఒక సరిహద్దు. దానికి ముందు కోసిన చిగురుకి ఒక ధర, దాటాక ఇంకో ధర. ముందు చిగురు చలికి మెల్లగా పెరుగుతుంది, లేతగా ఉంటుంది, దిగుబడి తక్కువ. అంకుల్ ఏటా పండుగ మర్నాడో ఆ మర్నాడో వచ్చి కొంటారు. రెండు రోజుల తేడాకి అంత డబ్బు పెట్టడం తెలివితక్కువని ఆయన వాదన. మూకుడులో వట్టి చేత్తో ఆకు వేయిస్తున్నతన్ని కాసేపు చూశాను. అరచెయ్యి ఆకుని మూకుడుకి అదుముతుంది, లాగుతుంది, ఎగరేస్తుంది. అతను మాతో మాట్లాడుతూనే ఉన్నాడు, చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఈరోజు శ్రీరామనవమి. మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేస్తే గుడిలో కల్యాణం మైకు మధ్య ఆమె మాట సరిగా వినపడలేదు. “పోయినవా? ఏమన్నరు?” అని మాత్రం అర్థమైంది. గడ్డి పీకానని చెప్పాను. “మంచిగైంది” అంది.

టోల్ ఉచితం ఇవాళ అర్ధరాత్రితో ఆఖరు కాబట్టి రోడ్డు సంగతి తెలిసిందే. నేనూ స్నేహితురాలూ హాంగ్‌జౌలోనే దిగి రైలెక్కాం. టికెట్లు ముందే తీసుకుంది, ఆ విషయంలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. గంటలో షాంఘై. రైల్లో ఆమె ఫోను మోగుతూనే ఉంది. కుటుంబం వీచాట్ గ్రూపులో పెదనాన్న ముత్తాత రాయి పగులు ఫోటోలు పెట్టి, మేస్త్రీ చెప్పిన ధర రాసి, నలుగురికీ ఎంతెంత పడుతుందో లెక్క వేశారు. ఆమె తన వాటా అక్కడికక్కడే పంపేసింది. తంటా అంతా తేదీ దగ్గరే వచ్చింది. సమాధిని ఎప్పుడు పడితే అప్పుడు కదిలించకూడదు. ఈ పండుగ రోజుల్లో చెయ్యాలి, లేదా చలికాలంలో దోంగ్‌జి నాడు, అంటే ఏడాదిలో పగలు అన్నిటికంటే తక్కువుండే రోజు. ఈ వారమంతా మేస్త్రీకి ఖాళీ లేదు, ఊరందరి రాళ్ళూ ఆయన చేతిలోనే ఉన్నాయి. కాబట్టి దోంగ్‌జికే. ఆమె క్యాలెండర్ తీసి చూసింది: డిసెంబరు 21, ఆదివారం. “హమ్మయ్య, లీవు పెట్టక్కర్లేదు” అంటూ గ్రూపులో సరేనని రాసి, రాయి మోయడానికి కనీసం నలుగురు మగవాళ్ళు కావాలి, ఎవరెవరు వస్తారో ఇప్పుడే చెప్పండి అని అడిగింది. మేం షాంఘై హోంగ్‌ఛ్యావ్ స్టేషన్లో దిగేసరికి ఇద్దరు ఒప్పుకున్నారు.